ఇద్దరి మాండొలిన్

నిన్న మధ్యాహ్నం మా కోడలు కుట్టుమిషను తెరిచి నూనె వేస్తోంది. ఆ వాసన హాల్లోకి రాగానే నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఎవరికైనా అది దర్జీ కొట్టు వాసన. నాకు మాత్రం నాచారంలో రేకులు దించిన ఒక వసారా, అందులో చాప మీద కూర్చుని పాత పంచె ముక్కకు రెండు చుక్కల నూనె అద్దుకుంటూ మాండొలిన్ తీగలను ఒక్కొక్కటిగా తుడుస్తున్న విశ్వనాథం గారు కనబడ్డారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఆయన గుర్తున్నవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు.

విశ్వనాథం గారిది తెనాలి వైపు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఇక్కడికి వచ్చి, ఉప్పల్ రోడ్డులోని ఒక పరిశోధనశాలలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. నాచారంలో అద్దెకుండేవారు. తీరిక వేళల్లో చిన్న ఆర్కెస్ట్రా నడిపేవారు. తబలాకు వెంకటేశం, పాటకు నేను, మాండొలిన్ ఆయన. మాది ఉప్పల్, నాన్నకు పాడి ఉండేది. అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఆదివారం మధ్యాహ్నాల సాధనకు నాన్న నన్ను పంపేవాడంటే అది విశ్వనాథం సార్ భార్య భారతక్క మీద నమ్మకంతోనే.

ఆ మాండొలిన్‌ను సార్ ఈ ఊరొచ్చిన కొత్తలో సుల్తాన్ బజార్‌లోని పాతసామాన్ల దుకాణంలో కొన్నారు. వెనకభాగం పుచ్చకాయ డిప్పలా గుండ్రంగా, సన్నటి చెక్క పట్టీలతో ఉండేది. నాలుగు జతల తీగలు. మీటితే పలుకు సన్నగా మొదలై, లోపల ఎక్కడో నిండి బయటికి వచ్చేది. అది దొరికాక ఆయన మరో వాద్యం ముట్టుకోలేదు, దాన్ని మరొకరిని ముట్టుకోనివ్వలేదు. ఒకసారి పెట్టె మీదకు ఎండ పాకుతుంటే నేను దాన్ని నీడలోకి జరపబోయాను. "ఉంచు," అన్నారు. గొంతు పెంచలేదు. కానీ నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. భారతక్క నవ్వుతూ, "నన్నే తాకనివ్వరు. నువ్వేమీ అనుకోకు," అంది. ఆమె నవ్విందనే అప్పుడు అనుకున్నాను.

ఆ ఏడాది సార్‌కు రేడియోలో ఆడిషన్‌కు పిలుపు వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన పిలుపు. అదే రోజుల్లో అంబర్‌పేటలో వినాయకుడి పందిరి దగ్గర మా కచేరీ జరిగింది. చివరి పాట అయ్యాక, జనం లేస్తుండగా, ఒక ముసలాయన వేదిక దగ్గరికి వచ్చాడు. ఎముకలు కనిపించే మనిషి. ఊపిరి తీస్తే పిల్లి కూతలా వినపడుతోంది.

"సారూ, గా బాజా జర సూడొచ్చునా?"

"ఎందుకండీ?"

"అది నాది."

సార్ నవ్వబోయి ఆగారు. "పొరపాటు పడుతున్నారు. ఇలాంటివి చాలా ఉంటాయి."

"ఉంటయి. లోపట డిప్పకు పగులుంటది. దాని మీద ఆకుపచ్చ గుడ్డముక్క అంటిచ్చిన. మా ఇంటామె చీరెది. ఉన్నదో లేదో సూడు."

సార్ చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. లోపల ఎవరో గుడ్డ అంటించి బాగు చేశారని ఆయనే మాకు చాలాసార్లు చెప్పారు. పెట్టె గొళ్లెం మీద ఆయన బొటనవేలు అలాగే ఆగిపోవడం నేను చూశాను.

"నేను దుకాణంలో కొన్నాను," అన్నారు చివరికి.

"నువ్వు దొంగతనం జేసినవంటలేను సారూ. నేను క్షయతోని దవాఖానల పడి ఉంటిని. ఇంక బతుకననుకున్నరు. మా బామ్మర్ది అమ్మిండు. ఆయన తప్పు గాదు, నీ తప్పు గాదు." ఊపిరి కోసం ఆగాడు. "ఇయ్యమని అడుగుత లేను. ఏడుంటరు మీరు?"

వెంకటేశం నోరు జారి, నాచారమని చెప్పేశాడు.

ఆయన పేరు నర్సింలు. ఒకప్పుడు నాటకాల కంపెనీలో మాండొలిన్ వాయించేవాడట. మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికే సార్ వాళ్ల వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు, మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. విని వెళ్లిపోయేవాడు. ఇవ్వమని అడిగినా బాగుండేది, సార్ కాదనేవారు, పోట్లాడేవారు. అడగని మనిషిని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

సార్ మారిపోయారు. తెలిసిన పాటలోనే స్వరాలు తప్పేవారు. తప్పు తబలా మీదికి, నా మీదికి తోసేవారు. మాండొలిన్‌ను ఆఫీసుకు కూడా మోసుకెళ్లడం మొదలుపెట్టారు. వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గితే తలుపు వైపు చూసేవారు. ఒక ఆదివారం పాట మధ్యలో వాయించడం ఆపేసి, "ఆ వేళ్లు ఆపండి," అన్నారు.

నేను అప్పుడే చూశాను. నర్సింలు ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. సార్ వేళ్లు తీగల మీద ఎక్కడుంటే, ఈయన వేళ్లు మోకాలి మీద అక్కడ. ఒక్కోసారి సార్ కంటే ముందే చేరుకుంటున్నాయి.

"ఏం వేళ్లు సారూ?" అన్నాడాయన. నిజంగానే తెలియదు. తన మోకాలి వైపు చూసుకున్నాడు. చూసి, సిగ్గుపడి, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు సాధన అక్కడితో ముగిసింది.

ఆడిషన్ దగ్గర పడింది. సార్ నన్ను పక్కకు పిలిచారు. "సరళా, మీ పాలు అంబర్‌పేటకు కూడా వెళ్తాయి కదా. ఆయన ఇల్లు కనుక్కో. ఆడిషన్ అయ్యేదాకా రావద్దని చెప్పు."

"మీరే చెప్తే బాగుంటది గద సార్."

"నేను వెళ్తే ఏం మాట్లాడతానో నాకే తెలియదు," అన్నారు. అన్నాక నా కళ్లలోకి చూడలేదు.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలో ఒకామె బీడీలు చుడుతోంది. నర్సింలు కూతురు అనసూయ. తండ్రి ఇంట్లో లేడు. నేనెవరో చెప్పగానే చేతిలోని ఆకు చాటలో పడేసింది.

"మా అయ్యను రావద్దని చెప్పనీకొచ్చినవా? నేను రోజూ చెప్తున్న, నా మాట ఇంటలేడు. మీ సారు పాపమని ఇచ్చేస్తడేమోనని నాకు బుగులు."

"ఇస్తే మీకు మంచిదే గదా అక్కా?"

"ఏం మంచిది? అది ఇంట్ల ఉన్నన్నొద్దులు మాకు అయ్య లేడు. మమ్మల్ని ముట్టనియ్యకపోతుండె. అమ్మకు పానం బాగలేనప్పుడు కంపెనీ ఎంబడి నిజామాబాద్ పోయిండు. ఈయన వచ్చేటాల్లకు అమ్మ లేదు." పడేసిన ఆకును మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అమ్మ చీరె చింపి దానికి అంటిచ్చిండంట గద. నా దగ్గర అమ్మది ఒక్క గుడ్డపేలిక లేదు. ఇయ్యొద్దని చెప్పు మీ సారుకు."

తిరిగి నాచారం వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ ముఖం తేలికపడింది. "చూశావా, ఆ అమ్మాయే వద్దంటోంది," అన్నారు. భారతక్క కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసు ఆయనకు ఇవ్వలేదు.

"మొన్న వాన పడిన రోజు గుర్తుందా? తడుస్తుందని దాన్ని ఇంట్లో వదిలి, ఆ ముసలాయన వస్తాడేమోనని బయట తాళం వేసుకుని ఆఫీసుకు వెళ్లారు. లోపల నేనున్నాను. సాయంత్రం దాకా."

"నీకు భయమేస్తుందనే కదా భారతీ…"

"నాకు భయం లేదు. మీకుంది. ఆ పిల్ల చెప్పింది విని మీకు సంతోషం ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. నాకైతే ఆ పిల్ల నా సంగతే చెప్పినట్టుంది."

ఆమె గొంతు పెంచలేదు. గ్లాసు కిటికీలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. సార్ ఆ గ్లాసు ముట్టుకోలేదు. నేను వెళ్లొస్తానని చెప్పకుండానే లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం ఉదయమే ఆయన పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాన్నతో చెప్పి నన్ను తీసుకుని అంబర్‌పేట బస్సెక్కారు. ఏం చేయబోతున్నారో చెప్పలేదు. దవడలు బిగించి కూర్చున్న తీరు చూస్తే గొడవకే వెళ్తున్నారనిపించింది. ఆడిషన్‌కు ఇక నాలుగు రోజులే ఉన్నాయి.

నర్సింలు మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు. సార్ నేల మీద కూర్చుని పెట్టె తెరిచారు. మాండొలిన్ తీసి ఆయన ఒళ్లో పెట్టారు. "వాయించండి," అన్నారు.

ముసలాయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. శ్రుతి చేయడానికే చాలాసేపు పట్టింది. మొదటి పలుకులు తడబడ్డాయి. తర్వాత ఏదో పాత నాటకం పాట, నెమ్మదిగా, ఒక్కో స్వరం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ. సార్ కంటే బాగా వాయించాడని చెప్పను. సార్ వాయించినప్పుడు ఎన్నడూ వినబడని ఒక దిగులు అందులో ఉంది. అనసూయ వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. అరుస్తుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను.

పాట అయ్యాక ఆయన తల ఎత్తాడు. "అనసూయా, ఇటు రా బిడ్డా. పట్టుకో."

"నాకొద్దు."

"ఎన్నడు పట్టుకోనియ్యలే నిన్ను. పట్టుకో. లోపట మీ అమ్మ చీరె ఉన్నది, సూడు."

ఆమె వచ్చింది. మెడ దగ్గర గట్టిగా పట్టి లాక్కున్నట్టే తీసుకుంది. నేలకేసి కొడుతుందనుకున్నాను. సార్ కూడా అదే అనుకున్నట్టున్నారు, సగం లేచారు. ఆమె వాకిట్లో వెలుతురు వైపు తిరిగి, తీగల సందులోంచి లోపలికి కన్ను ఆనించింది. అలాగే ఉండిపోయింది.

"ఆకుపచ్చనే," అంది చాలాసేపటికి.

ఆ తర్వాత దాన్ని తండ్రికి ఇవ్వలేదు, సార్‌కూ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. సార్ ఖాళీ పెట్టె మూసి గోడ పక్కన పెట్టి లేచారు.

"సారూ, నీకు రేడియోల పరీక్ష ఉన్నదంట గద," అన్నాడు నర్సింలు.

"వేరేది చూసుకుంటాను," అని చెప్పులు వేసుకున్నారు.

బస్సు కోసం ఆగలేదు. రామంతాపూర్ మీదుగా ఉప్పల్ దాకా నడిచాం. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, తీసి, వెనక్కి కట్టి నడిచారు. "మంచి పని చేశానని నాకేమీ అనిపించడం లేదు సరళా," అన్నారు దారిలో. "మంట పుడుతోంది." ఆయన పక్కనే నడిచాను.

ఆడిషన్‌కు ఎవరి దగ్గరో తెచ్చిన మాండొలిన్‌తో వెళ్లారు. రేడియోవాళ్లు తీసుకోలేదు. ఆయన మళ్లీ ప్రయత్నించలేదు కూడా. కొన్ని నెలల పాటు ఇంట్లో పాట వినబడలేదు, ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. త్యాగం చేసిన మనిషి ముఖం ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఆ ముఖాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. భారతక్క మాత్రం ఆయన విసుగును ఓపిగ్గా భరించింది. సాయంత్రాలు ఇద్దరూ నాచారం చెరువు వైపు నడిచి వెళ్లడం అప్పుడే మొదలైంది.

చివరికి ఒక మామూలు మాండొలిన్ కొన్నారు. కొత్తది, వెనక బల్లపరుపుగా ఉండేది. దాని మీద ఆయనకు ప్రేమ కలగలేదు. ఒక ఆదివారం రెండు పాటలు వాయించి, ఉన్నట్టుండి దాన్ని నా చేతుల్లో పెట్టారు. "పట్టుకో. బొటనవేలు వెనక ఉండాలి. గట్టిగా నొక్కకు." నేను పాడటానికి వెళ్లినదాన్ని. వాయించడం నేర్చుకుంటానని కలలో కూడా అనుకోలేదు. పాత మాండొలిన్ ఉన్నన్నాళ్లూ ఆయనకూ ఆ ఆలోచన వచ్చి ఉండదు. ఎన్నో ఏళ్లు నేర్పించారు. నా పెళ్లయ్యాక కూడా, నా పిల్లల్ని భారతక్క ఒళ్లో వేసుకుని ఉంటే, నాకు నేర్పించారు. ఆ తర్వాత నేను బతికింది ఆ విద్యతోనే. నాచారంలోనే వందల మంది పిల్లలకు నేర్పాను.

డెబ్బైల చివర్లో సార్ రిటైరయ్యి తెనాలి వెళ్లిపోయారు. సామాను ముందే పంపించేశారు. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా, భారతక్క పళ్లు కొనడానికి అటు వెళ్లింది. అప్పుడు అడిగారు.

"నర్సింలు గారు పోయారట కదా."

"అవును సార్. రెండేండ్లయింది."

"అది ఎవరి దగ్గరుందో."

"అనసూయక్క దగ్గరనే ఉంటది. పోయి అడిగి మీకు ఉత్తరం రాయనా సార్?"

బస్సు వచ్చి ఆగింది. భారతక్కను ఎక్కించి, ఆయన మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు.

"వద్దమ్మా. అడిగితే మళ్లీ నాది అనిపిస్తుంది."

ఆ తర్వాత అంబర్‌పేట మీదుగా నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఒక్కసారి కూడా దిగి ఆ వీధిలోకి వెళ్లలేదు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎక్కడెక్కడో వాయిస్తున్నారు. వాళ్లు నన్ను తలచుకుంటున్నారో లేదో, ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెబుతున్నారో లేదో తెలుసుకోవాలని ఒక్కోసారి మనసు లాగుతుంది. ఫోను చేతిలోకి తీసుకుంటాను. బస్సు మెట్టు మీద సార్ అన్న మాట వినబడుతుంది. చాలాసార్లు ఫోను పక్కన పెట్టేస్తాను. పెట్టలేని రోజులూ ఉన్నాయి.