పదకొండు అక్షరాలు

మొన్న ఒక మాసపత్రికవారు పాత రోజుల గురించి నాలుగు పేజీలు రాసి ఈ-మెయిల్లో పంపమన్నారు. రాయడం ఎంతసేపు గానీ, నా రాత ఈ-మెయిల్ ఎక్కదు, ఎందుకంటే నేను ఇప్పటికీ తార్నాకలో మా ఇంటి వెనకగదిలో ఉన్న పాత కంప్యూటర్ మీదే, అచ్చుకు పేజీలు కూర్చే, ఎప్పుడో అందరూ వదిలేసిన సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తాను. కొత్త కీబోర్డు నేర్చుకోమని ఇంట్లో చెప్పని వాళ్ళు లేరు. నా వేళ్ళు వినవు.

మా ఇంట్లో ఉండి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న మేనకోడలు నా ఫైలును ఎలాగో కొత్త ఫాంటులోకి మార్చింది. అంతా చక్కగానే వచ్చింది గానీ పేజీకి నాలుగైదు చోట్ల అక్షరం ఉండాల్సిన దగ్గర ఖాళీ గడులు. "ఏమత్తా, ఈ పదకొండు అక్షరాలు ఏ ఫాంటులోనూ లేవే, యాడివి ఇవి?" అని ఆ పిల్ల అనంతపురం యాసలో గట్టిగా అడిగేసరికి, వరండాలో పేపరు చదువుతున్న మా ఆయనకు వినబడిందేమోనని అటు తొంగిచూశాను.

అవి నేను గీసినవి. అప్పట్లో యూనివర్సిటీలో ఒక పెద్ద నిఘంటువు పనికి నన్ను టెంపరరీగా తీసుకున్నారు. మూడు నెలలకోసారి పొడిగింపు, ప్రతిసారీ వస్తుందో రాదో. కంప్యూటర్ గదికి దుమ్ము పడదని కిటికీలన్నీ బిగించేసి, చెప్పులు బయట విడిచి రమ్మనేవారు, లోపల ఏసీ చలికి మే నెలలోనూ స్వెటర్ వేసుకునేదాన్ని. ఆ ఫాంటులో శాస్త్రం, లక్ష్మి లాంటి మాటలు వస్తే కింది వత్తులు ఒకదాని మీదొకటి పడి మసిముద్దలా కనిపించేవి. ప్రింటు తీసిన కాగితం మీద వాటిని బ్లేడుతో కోసి, సరైనవి అతికించలేక విసిగిపోయి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒక సదుపాయంతో పదకొండు అక్షరాలు సొంతంగా గీసి, ఎవరూ వాడని మీటల కలయికల్లో దాచాను. ఏది ఎక్కడుందో రాసి ఫైల్లో పెట్టాలనే అనుకున్నాను. సరిగ్గా ఆ వారమే మల్కాజ్‌గిరి నుంచి టైపింగ్‌లో నాకంటే చురుకైన అమ్మాయి ఒకతి ఉద్యోగం కోసం వచ్చింది. ఆమె నొక్కితే ఆ అక్షరాలు రాలేదు. అదంతా అలవాటు మీద వస్తుంది సార్ అని మా హెడ్ గారికి అబద్ధం చెప్పాను. ఆమె వెళ్ళిపోయింది, నా పొడిగింపు అడగకుండానే వచ్చింది. ఆ సాయంత్రం క్యాంపస్ రోడ్డు వెంట ఇంటికి నడుస్తూ ఎంత సంతోషపడ్డానో చెప్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఏడాది తిరక్కముందే మా ఆయనకు కడప బదిలీ అయింది. నన్ను వదలమని అడిగితే హెడ్ గారు ఒకటే మాట అన్నారు, నిఘంటువు పూర్తి చేసైనా వెళ్ళు, లేదా ఇంకొకరికి నేర్పైనా వెళ్ళు అని. నేర్పితే నా అబద్ధం బయటపడుతుంది. తాను తవ్విన గోతిలో తానే పడడమంటే అదే. లాలాపేట్ నుంచి వచ్చే అటెండర్ పెద్దాయన నన్ను మెచ్చుకోబోయి, "మీరు లేకుంటె ఈ డబ్బ ఏం పన్జెయ్యది మేడం, మిమ్ముల్ని ఎట్ల ఇడుస్తరు?" అంటుంటే, ఆ బిగించిన కిటికీల మధ్య నాకు ఊపిరాడేది కాదు. ఏ మీటలకు ఏ అక్షరమో ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెడితే బయటపడేదాన్నే. నేను లేకపోతే గతిలేదనిపించుకోవడంలోని తీపి కూడా నా చెయ్యి పట్టుకుందని ఒప్పుకోవాలి.

అలా ఆరేళ్ళు. ఆయన కడపలో మెస్సు తిండి తింటూ, రెండు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి పోయేవారు. నేను కాచిగూడలో రైలెక్కించి వచ్చేదాన్ని. నా పెళ్ళాన్ని పట్టి ఉంచిన మహానుభావుడని హెడ్ గారిని ఆయన తిట్టకుండా రైలెక్కిన రోజు లేదు. ఆయన ఇక్కడికి తిరిగొచ్చి స్థిరపడ్డాక కూడా పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ ఆ తిట్టు ఒకసారి అనాల్సిందే. చిత్రమేమిటంటే, యూనివర్సిటీలో పాత సామాను వేలం వేసినప్పుడు ఆ కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది కూడా ఆయనే, నేను సంతోషిస్తానని.

మేనకోడలు తెల్లకాగితం ముందు పెట్టింది. ఏ మీటలకు ఏ అక్షరమో రాసిచ్చాను, పావుగంట కూడా పట్టలేదు. రాస్తూ ఆ పిల్లకు జరిగినదంతా చెప్పేశాను, గొంతు తగ్గించకుండానే. మా ఆయన లోపలికొచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా లెక్కపెట్టారు.

"పదకొండేనా?" అన్నారు. కాగితం ఆ పిల్ల చేతికిచ్చి మళ్ళీ వరండాలోకి వెళ్ళారు.

ఇప్పుడు ఎవరు ఎక్కడ టైపు చేసిన తెలుగైనా ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటోంది. ఒక మనిషి లేదని పని ఆగదు, పని పేరు చెప్పి మనిషినీ ఆపలేరు. మన వయసువాళ్ళం పాతకాలమే బాగుండేదంటాం గానీ, ఈ ఒక్క విషయంలో నేను అనలేను. రోజూ పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆయన హెడ్ గారిని తిట్టడం మానేశారు.