పుర్రచేతి విల్లు

కొత్త విల్లు పెట్టె తెరిస్తే లోపలినుంచి వార్నీషూ జిగురూ కలిసిన ఒక వాసన వస్తుంది. పలాసని ఆనుకుని ఉన్న మా కాశీబుగ్గలో ఆ వాసన ఎక్కువసేపు నిలవదు. మా షెడ్డు వెనకే జీడిపప్పు బట్టీలున్నాయి. గింజలు కాల్చడం మొదలైతే ఇంకే వాసనకీ చోటుండదు. అందుకే పొద్దున్నే, బట్టీలు రాజుకోకముందే పెట్టెలు తెరుస్తాను. నిన్న అలా ఒకటి తెరిచి, విల్లు బిగించి, తాడు ఎక్కించి కళ్ళకెదురుగా నిలబెట్టానో లేదో, ఎస్తేరు టీచర్ పక్కన నిలబడి అడిగినట్టే అనిపించింది: "సూసేవా, సూసినట్టు నటించేవా?" ఎన్నేళ్ళయినా ఆ ప్రశ్నకి నేను సిగ్గుపడతాను. నటించాననే ఒప్పుకుని మళ్ళీ చూశాను.

నేను విలువిద్య నేర్పుతాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి విల్లు కూడా నేనే ఎంచిపెడతాను. పలాసలో ఇదేం బతుకుదెరువని మొదట్లో చుట్టాలు మొహం చిట్లించారు. ఇప్పుడు వాళ్ళ పిల్లల్నే పంపిస్తున్నారు. గురి చూసే అద్దాలూ బరువు కడ్డీలూ తగిలించిన పోటీ విల్లు కాదు నాది. కొసలు ముందుకు వంపు తిరిగిన సాదా చెక్క విల్లు. రికర్వ్ అంటారు. అలాంటిది మంచిది ఎంచడంలో ఈ చుట్టుపక్కల నా మాటకి విలువుంది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. ఆ చూపు ఎస్తేరు టీచర్ పెట్టిన భిక్ష. ఆవిడ నాకు ఎంచి ఇచ్చిన విల్లు గురించి, చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ కోసం నేను ఎంచాల్సి వచ్చిన విల్లు గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఆవిడ బతికుండగా మళ్ళీ ఒక్క బాణమైనా వెయ్యగలరా లేదా అన్నది ఆ రెండో విల్లు మీదే ఆధారపడింది.

టీచర్ టెక్కలిలో మా ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు నేర్పేవారు. ఉద్దానం మనిషి, కవిటి వైపు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగారు. బాప్టిస్టు కుటుంబం. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే వెనక వరసలో కునికిపాట్లు పడేవాళ్ళు సర్దుకుని కూర్చునేవారట. సోమవారం అదే గొంతు మైదానంలో మా మీద పడేది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని, మాతో పాటే పరిగెత్తేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళని "మరి నీ పెళ్ళి ఎలగున్నాది?" అని ఎదురడిగేవారు. అడిగినవాళ్ళు చాలామంది మాట మార్చేవారు.

మాది భావనపాడు. నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపలు అమ్మేది. ఇసకలో తడిచేపల గంపలు మోసి మోసి నా భుజాలు మా క్లాసులో ఎవరికీ లేనంత గట్టిపడ్డాయి. స్కూలుకి విళ్ళు వచ్చిన రోజున, అన్నిటిలోకీ నల్లగా నిగనిగలాడుతూ బరువుగా ఉన్నదాన్ని నేను ముందే చేజిక్కించుకున్నాను. చెవిదాకా లాగాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచర్ మాత్రం నా వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"లాగడం సూసేను. ఇప్పుడు వదలకుండా, మెల్లగా, లాగినట్టే దించు."

అది ఇంత కష్టమని నాకేం తెలుసు. బాణం లేకుండా తాడు వదిలితే విల్లు పగిలిపోతుందని చెప్పే ఉంచారు. దించబోతే మోచెయ్యి వణికింది, భుజం వణికింది, చివరికి దవడ కూడా వణికింది. ఆవిడే చెయ్యి అడ్డం పెట్టి తాడు పట్టుకుని దింపారు. ఆ నల్ల విల్లు నా చేతిలోంచి తీసేసుకుని, ఆరో తరగతి పిల్లల కోసం తెచ్చిన తేలికపాటిది ఇచ్చారు. నా మొహం చూసి, "బలం లేదని కాదే గుంటా. బలమున్నాదని నీకు తెలుసు, నాకూ తెలుసు. విల్లుకి సెప్పక్కర్లేదు" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో భావనపాడు దాకా ఆవిణ్ణి తిట్టుకుంటూనే వెళ్ళాను.

తిట్టుకున్నా మర్నాడు వెళ్ళాను. ఆ చిన్న విల్లుతోనే నిలబడడం నేర్చుకున్నాను, ఊపిరి పట్టడం నేర్చుకున్నాను. చెయ్యి కుదురుకున్నాక కాస్త బరువుది, ఆ తర్వాత ఇంకాస్త బరువుది ఇచ్చారు. ప్రతిసారీ ఎంపిక నాచేతే చేయించేవారు. తాడు ఎక్కించిన విల్లుని రెండు బెంచీల వీపుల మీద ఆనించి, ఒక కన్ను మూసి చూడమనేవారు. పిడికి పైనున్న రెక్కలోనూ కిందున్న రెక్కలోనూ తాడు నడిమధ్యన కనబడాలి. ఏ ఒక్క పక్కకి జరిగినా రెక్క మెలి తిరిగినట్టే, ఎంత అందంగా ఉన్నా దాన్ని వెనక్కి పంపాలి. తర్వాత కాస్త దూది తీసుకుని అంచుల వెంట రాయమనేవారు. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనబడని చీలిక ఉందన్నమాట. మన సముద్రపు గాలికి ఆ చీలిక రేపు పెద్దదవుతుంది. పిడి పట్టుకున్నాక కళ్ళు మూసుకోమనేవారు. రంగు చూసి మోసపోకుండా ఉండడానికట. నాకు మెడల్స్ వచ్చాయి, ఫొటోలు పేపర్లో పడ్డాయి. ఆవిడ మాత్రం పక్కకి పడిన బాణం గురించే అడిగేవారు.

నేను కాశీబుగ్గలో షెడ్డు వేసుకున్న కొన్నేళ్ళకి టీచర్‌కి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే అది, ఆ కబురు వింటే ఎందుకొచ్చింది, ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. డయాలసిస్ వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. డయాలసిస్‌కి దగ్గరగా ఉంటుందని ఆవిడ పలాసలో చెల్లెలింటికి మారారు. ఎడమ ముంజేతిలో ఒక రక్తనాళాన్ని ఇంకోదానికి కలిపి కుట్టారు. సూదులన్నీ ఆ చేతికే. ఆ చేతికి వాచీ కట్టకూడదు, బిగుతుగా గాజు ఉండకూడదు, చిన్న దెబ్బ కూడా తగలకూడదు. వేళ్ళు ఆనిస్తే లోపల సన్నగా అదురుతూ ఉంటుంది. అది ఆగిందంటే సూది వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. రోజూ పొద్దున్న లేవగానే ఆవిడ ముందు ఆ అదురు చూసుకునేవారు, తర్వాతే ప్రార్థన.

సూదులు లేని రోజుల్లో నా మైదానానికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నా శిష్యుల్ని తిట్టేవారు, తర్వాత వాళ్ళ ముందే నన్ను తిట్టేవారు. నాకు ఎంత ఆనందంగా ఉండేదో చెప్పలేను. ఒక రోజు పిల్లలంతా వెళ్ళిపోయాక, మామూలు విషయం మాట్లాడుతున్నట్టే, "రత్నం, నాకో విల్లు సూడు" అన్నారు.

నా చూపు ఆవిడ ఎడమచేతి మీదకి వెళ్ళింది. మనం విల్లుని ఎడమచేత్తో పట్టుకుంటాం. బాణం వదిలాక తాడు ఒక్కోసారి ఆ ముంజేతి మీద చెళ్ళున కొడుతుంది. కొట్టకుండా తోలు పట్టీ బిగించుకుంటాం. ఆవిడ ఎడమ ముంజేతికి పట్టీ కట్టకూడదు, దెబ్బా తగలకూడదు. ఇదంతా మొహమాటపడుతూ, నసుగుతూ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"ఇదంతా నాకు తెలీదనుకున్నావేటి? కుడిసేత్తో పట్టుకుంటాను, ఎడంసేత్తో లాగుతాను. పుర్రసేతి విల్లు తెప్పించు."

ఇన్నేళ్ళలో అలాంటిది నేను ఒక్కటీ తెప్పించలేదు. మా వైపు పిల్లలు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే చేతి మీద ఒకటి పడుతుంది. అలా పెరిగినవాళ్ళు విల్లు దగ్గరికొచ్చినా కుడిచేతిదే అడుగుతారు. ఎడమచేత్తో లాగేవాళ్ళకి విల్లు మధ్యలో బాణం ఆనే గాడి రెండో పక్కన ఉండాలి, కాబట్టి ఉన్నదాన్నే తిప్పి పట్టుకుంటే కుదరదు. ముందు నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన మొదట నవ్వాడు, తర్వాత చెయ్యి పట్టుకుని పరీక్షగా చూశాడు. బాగా తేలికైన విల్లయితే సరే, కుదుపు ఉండకూడదు, సూదులు పడిన రోజున ముట్టుకోకూడదు, నొప్పి అనిపిస్తే అక్కడే ఆపెయ్యాలి అన్నాడు. టీచర్ మంచి విద్యార్థిలా తలూపారు. ఆవిడ ఎవరిముందైనా అలా తలూపడం నేను చూడడం అదే మొదలు.

విల్లు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా ఆవిడ పాదాలు వాచాయి, నడుస్తూ నడుస్తూ ఆయాసంతో ఆగిపోవడం ఎక్కువైంది. పెట్టె వచ్చిన రోజున నేనే ముందు బిగించి చూసుకున్నాను. చక్కటి చెక్క, చేతిలో ఇమిడిపోయే పిడి. కింది రెక్క మాత్రం వెంట్రుకవాసి మెలి తిరిగి ఉంది. చూశాను. చూసి, వెనక్కి పంపితే మళ్ళీ ఎన్నాళ్ళకొస్తుందో అనుకున్నాను. పదడుగుల దూరం నుంచి వేసే బాణానికి ఇంత మెలి ఏం చేస్తుంది అనుకున్నాను. ఆవిడ చేతిలో ఎలాగైనా ఒక విల్లు పెట్టాలన్న తొందర తప్ప నాకింకేం కనబడలేదు. తుడిచి, ఆవిడకిచ్చాను.

టీచర్ కుర్చీలోంచి లేవలేదు. విల్లుని ఒడిలో నిలబెట్టి ఒక కన్ను మూశారు. చాలాసేపు చూశారు. తర్వాత విల్లుని కాదు, నన్ను చూశారు.

"నువ్వు సూసేవు గదా?"

చూశానన్నాను. రోజులు వృథా అవుతాయనే ఇచ్చానన్నాను. అప్పుడు ఆవిడకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. నన్ను పక్కన కూర్చోమని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"నాకు టైము తక్కువని వంకర విల్లు అంటగడతావేటే? వంకర దాంతో మొదలెడితే వంకరే నేర్సుకుంటాను. ఎన్నాళ్ళు వాడతానో అది దేవుడు సూసుకుంటాడు. విల్లు సంగతి నువ్వు సూడు."

ఆ రోజే వెనక్కి పంపాను. ఆ తర్వాత గడిచిన రోజులు నాకు పీడకల. మధ్యలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆవిణ్ణి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఆ వంకరదే ఉంచేసుకుని ఉంటే నాలుగు బాణాలైనా వేసేవారు కదా అని ఏడ్చాను. లోపల ఆవిడ మాత్రం పక్క మంచం మీదున్నవాళ్ళకి రికర్వ్ అంటే ఏమిటో, మెలి తిరిగిన రెక్కని ఎలా పట్టాలో చెబుతున్నారని నర్సు వచ్చి నవ్వుతూ చెప్పింది.

ఆవిడ తిరిగొచ్చారు. విల్లు కూడా వచ్చింది. ఈసారి తాడు రెండు రెక్కల్లోనూ నడిమధ్యన, గీత గీసినట్టుంది. ఆవిడ దూది అడిగారు. అంచుల వెంట నింపాదిగా రాసి, ఒక్క పోగు కూడా చిక్కుకోలేదని నాకు చూపించారు. లేచి, పదేళ్ళ పిల్లలు నిలబడే వరస చివర వెళ్ళి నిలబడ్డారు. "నాకు నేర్పు. మొహమాటపడ్డావంటే సంపెత్తాను" అన్నారు. జీవితమంతా కుడిచేత్తో లాగిన మనిషి, ఆ చేతిలో ఉన్న తెలివంతా పక్కన పెట్టి, ఏమీ తెలియని చేత్తో మొదలుపెట్టారు. మొదటి బాణం గురిపలక దాకా వెళ్ళకుండానే ఇసకలో పడింది. పిల్లలు నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వారు. నేను నవ్వలేదు, భుజం ఎత్తేస్తున్నారని చెప్పాను. దించుకున్నారు.

జీడిపూత వచ్చేసరికి ఆవిడ బాణాలు గురిపలక మధ్యలో గుత్తిగా పడేవి. దూరం తక్కువే. అయినా ఆ నెలల్లో ఆవిడ మొహంలో కనబడిన సంతోషం నేను మెడల్ తెచ్చిన రోజున కూడా చూడలేదు. ఒక ఏడాది, ఇంకా కొంచెం పైన, అలా వేశారు. తర్వాతి వానల్లో పోయారు. కవిటి దగ్గర వాళ్ళ తోటలోనే, చర్చివాళ్ళంతా పాడుతుండగా పూడ్చిపెట్టారు. నాకు పాట రాదు. అక్కడ కూడా తిడతారేమోనని పెదవులు కదిపాను.

ఇప్పుడు నా షెడ్డులో పుర్రచేతి విళ్ళు ఒక వరస ఉన్నాయి. వాటిని వాడేవాళ్ళలో పుట్టు పుర్రచేతివాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ డయాలసిస్ వార్డులో టీచర్ మాటలు విన్నవాళ్ళు, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు. డాక్టర్‌ని అడిగి, సూదులు లేని సాయంత్రాల్లో వస్తారు. పోయిన వేసవిలో సోంపేట నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చాడు. పెద్దాయన, ఎడమ ముంజేతి మీద కట్టు ఇంకా కొత్తది. ఆయన కోసం అప్పుడే వచ్చిన విల్లు బిగించి కన్ను మూసి చూస్తుంటే, ఇబ్బందిగా దగ్గాడు.

"అంత సూడక్కర్లేదమ్మా. ఏదోటి ఇచ్చీ. నానెన్నాళ్ళు వాడతాను గనక."

పై రెక్కలో తాడు కొంచెం ఎడమకి జరిగి ఉంది. నేను తాడు దింపేశాను.

"ఇది బాగోలేదు బాబాయ్. మంచిది తెప్పిత్తాను. కొన్నాళ్ళు ఆగాల."

ఆయన నా వైపు చూశాడు, పెట్టెలోకి తిరిగి వెళ్తున్న ఆ అందమైన విల్లు వైపు చూశాడు. కట్టున్న చేతిమీద రెండో చెయ్యి ఆనించి లోపలి అదురు చూసుకున్నాడు. ఆగుతానన్నాడు.