సారు మోకాలి సంగతి చెప్పింది నేనే

ఎన్నో ఏళ్లు ఈ మాట నా కడుపులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కడప జిల్లా. తొంభైలలో దోహాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక డిఫెండర్‌ను కారులో తిప్పడం నా డ్యూటీ. వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి ఆడి, చివరి దశలో దోహాకు వచ్చాడు. మైదానంలో గోలు దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. కారెక్కేటప్పుడు మాత్రం కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకునేవాడు. ఆట అయ్యాక నాతో ఐసు కొనిపించి, వెనక సీట్లో మోకాలికి అద్దుకునేవాడు. ఇంకొక్క సీజను ఆడి గౌరవంగా మానేస్తాను, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. సరేనని తల ఊపాను.

అప్పుడు ఊళ్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. నాకు సెలవు దొరకడం లేదు. క్లబ్బు ఆఫీసులో ఒక హైదరాబాదాయన ఉండేవాడు. డ్రైవర్లకు టీ ఇప్పించి, ఎవరెవరు ఎక్కడికి తిరుగుతున్నారో అడగడం ఆయన అలవాటు. మేమూ చెప్పేసేవాళ్లం. అది తప్పని మాకు తోచేది కాదు.

"ఏమయ్యా, రోజూ ఐస్ కొంటున్నవట. మీ సారు కాలు మంచిగున్నదా?"

"మోకాలు వాచింది సార్. మెట్లు గూడా ఎక్కలేకుండాడు."

"మంచిగ చెప్పినవ్. నీ సెలవు సంగతి నేను చూస్త."

ఆయన నన్ను బెదిరించాడా? లేదు. పొరపాటున నోరు జారానా? అదీ కాదు. చెబితే సెలవు దొరుకుతుందని, దాంతో సారు ఆట ముగిసిపోతుందని, రెండూ తెలిసే చెప్పాను.

వెంటనే క్లబ్బు డాక్టరు సారు మోకాలు నొక్కి చూశాడు. క్లబ్బు కొత్త కాంట్రాక్టు ఇవ్వలేదు. మాలిష్ చేసే సూడానీ మనిషి చెప్పేశాడని సారు అనుకుని, ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోయే రోజు దారి పొడుగునా అతన్ని తిట్టాడు. నేను మాట్లాడకుండా బండి నడిపాను. ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని, నువ్వొక్కడివే నమ్మకంగా ఉన్నావు అన్నాడు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పలేదు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది.

సెలవు మీద ఊరికెళ్లాను. కూతురు పుట్టింది. ఆ పిల్లను ఎత్తుకుని మురిసిపోయిన ప్రతిసారీ, ఈ మురిపెం ఎవరి నోటి దగ్గరి కూడు లాక్కుని తెచ్చుకున్నానో గుర్తుకొచ్చేది. ఇంకో ఏడాది ఆడితే కాలు పూర్తిగా పోయేదేమోలే అని సర్దిచెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు.

మొన్న ఆ కూతురికే అంతా చెప్పాను. అంతా విని, "ఆయప్ప ఎక్కడుండాడో చూద్దాం ఉండు నాయనా," అని ఫోనులో వెతికింది. దొరికాడు. తల నెరిసింది. కుంటుతూనే పిల్లలకు ఆట నేర్పిస్తూ, పెద్దగా నవ్వుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన బాగున్నంత మాత్రాన నా తప్పు చిన్నదైపోదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా సంతోషమేసింది.

జరిగిందంతా నేను చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో రాసి ఆయనకు పంపింది. జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు, వస్తే తిట్లే రావచ్చు. ఇన్నేళ్లూ ఆ తిట్లు ఏ పాపమూ ఎరగని సూడానీ మనిషికి పోయాయి. ఇకమీదట నాకే వస్తాయి.