గురునాథరావు బావ ఫెయిల్ చేసిన యూరప్, అమెరికా

మా గురునాథరావు బావకి ఒకటే జబ్బు. కనబడ్డ ప్రతి విదేశీ విద్యార్థికీ సంస్కృతిలో పరీక్ష పెట్టి ఫెయిల్ చేస్తాడు. కూర్మన్నపాలెంలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీకి ఏటా ఒక సెమిస్టరు చదువుకోడానికి విదేశాల నుంచి ఒకరిద్దరు వస్తారు. వాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగం బావది. వచ్చి పెట్టెలు సర్దుకునేలోపే మొదటి ప్రశ్న పడిపోతుంది.

ఈ ఏడాది జర్మనీ నుంచి హెలెనా, అమెరికా నుంచి ట్రావిస్ వచ్చారు. ఇద్దరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, ఉప్మా పెట్టించి, ఇంగ్లీషులో అడిగాడు.

"మీ ఊరి పాట ఏది? ఎవరు నేర్పారు?"

హెలెనా చెంచా పక్కన పెట్టింది. చిన్నప్పటి నుంచీ బడివాళ్ళే మ్యూజియాలకీ ఒపేరాకీ తీసుకెళ్ళేవారట. ఏ బొమ్మ ఏ శతాబ్దానిదో, ఏ పాట ఎవరు కట్టారో, ఉప్మా చల్లారేదాకా చెప్పింది.

"భేష్. ఒకటి పాడమ్మా."

"అమ్మో, నేను వింటానంతే."

"ఫెయిల్!"

ట్రావిస్ బడిలో సంగీతం కావాలంటే తీసుకోవచ్చు, లేదంటే లేదు. వాడు తీసుకుని బ్యాండులో డ్రమ్ము వాయించాడట. అడక్కుండానే బల్ల మీద దరువు మొదలెట్టాడు. చట్నీ గిన్నె ఎగిరి నా చొక్కా మీద పడింది.

"ఇదెక్కడి దరువు బాబూ?"

"తెలీదు సార్. బాగుంటుంది."

"ఫెయిల్!"

నాకు మండింది. "ఏటి బావా ఇది? ఇద్దర్నీ ఫెయిలంటే ఎలాగ?"

"ఆ పిల్ల సెప్తాది, పాడదు. ఈడు వాయిత్తాడు, ఏటి వాయిత్తన్నాడో తెల్దు. సాయంత్రం ఇద్దరూ అప్పలసూరి క్లాసుకి ఎల్లాల."

"మరి మనోళ్ళకి పరీచ్చ లేదా?"

"ఆళ్ళకి అప్పలసూరి ఎవులో తెలిస్తే కదేటి, ఫెయిల్ సెయ్యడానికి!"

అదే నా కడుపుమంట. అప్పలసూరి మా కాలేజీలో తప్పెటగుళ్ళు నేర్పే గురువు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు తొడుక్కుని, వాయిస్తూ పాడుతూ ఎగిరి ఆడే ఆట మన ఉత్తరాంధ్రది. కాలేజీ బ్రోచరు అట్ట మీద ఆయన ఫోటోయే ఉంటుంది. క్లాసులో మాత్రం మన పిల్ల ఒక్కర్తీ ఉండదు, మన పిల్లాడు ఒక్కడూ ఉండడు. సరదాపడి చేరినవాళ్ళని కూడా తల్లిదండ్రులొచ్చి కోచింగ్‌కి లాక్కుపోయారు. "గెంతితే ర్యాంకు వస్తుందా సార్?" అని నన్నే నిలదీశారు. చివరికి ప్రిన్సిపాల్ తేల్చేశాడు. నెలాఖరుకి శిష్యులు కనబడకపోతే ఆ క్లాసు జరిగే హాలు కోచింగ్‌కి, అప్పలసూరి ఇంటికి.

నెలాఖరున ప్రిన్సిపాల్ తాళంకప్ప పట్టుకుని హాలుకి బయల్దేరాడు. నేనూ, బావా వెనకాలే వెళ్ళాం. లోపల హెలెనా తప్పెట కట్టుకుని, సిగ్గుతో కందిపోతూనే గొంతెత్తి పాడుతోంది. ట్రావిస్ అడుగడుగుకీ ఆగి, "ఇదెందుకు? ఇదెవరిది?" అని అప్పలసూరి ప్రాణం తీస్తున్నాడు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. ప్రిన్సిపాల్ కాసేపు చూసి, తాళంకప్ప జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఇప్పుడైనా పాసేనా బావా?" అన్నాను.

"సాల్లే! పాసైతే రేపట్నుంచి వత్తారేటి? అప్పలసూరికి సిస్యులెవులు?"

ఇన్నేళ్ళలో ఒక్కరూ పాసవకపోవడం అందుకన్నమాట! పై దేశాల పిల్లలు ఫెయిలైతే గానీ మన తప్పెటకి మన ఊళ్ళో గది నిలవలేదు. నాకు సిగ్గేసింది.

బావ నావైపు తిరిగాడు. "నీ ఊరి పాట ఏటి బావా? ఒకటి పాడు."

నోరు తెరిచాను. ఎంతసేపటికీ ఏదీ రాలేదు.

"ఫెయిల్!" అని హాలంతా వినబడేలా అరిచి, ఒక జత గజ్జెలు నా చేతిలో పెట్టాడు. హెలెనా పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.