వంటింటి గడియకు కట్టిన క్రిస్మస్ చెట్టు

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో దెయ్యాలకు జీతం ఉండేది కాదు గానీ, వాటిని ఆడించే నాకు ఉండేది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరాను. జూబ్లీహిల్స్ బంగళాలో తీస్తున్న దెయ్యం సినిమాలో క్రిస్మస్ చెట్టు దానంతటదే ఊగాలి. కొమ్మలకు కంటికి ఆనని నైలాన్ దారం కట్టి, సోఫా వెనక పడుకుని లాగడం నా పని (నా ముఖం తెరమీద కనబడలేదు గానీ, నాదీ నటనే!). షూటింగ్ అయ్యాక మా సార్ ఆ ప్లాస్టిక్ చెట్టు నన్నే తీసుకుపొమ్మన్నారు. మహా సంబరంగా ఆటోలో యూసుఫ్‌గూడలోని మా అద్దె ఇంటికి తెచ్చి, వంటింటి తలుపు పక్కన నిలబెట్టాను.

నాయనమ్మ చూసి ముఖం తిప్పుకుంది. బాపట్లలో ఉన్నన్నాళ్లూ తాతయ్య ప్రతి క్రిస్మస్‌కీ సరుగుడు కొమ్మ కొట్టుకొచ్చేవాడట. ఆయన పోయినా, ఆవిడకు పండగంటే ఆ కొమ్మ వాసనే. "ఒరే, ఊపిరి లేనిదాని ముందు నేను ప్రార్థన చెయ్యను. రేపు నన్ను బస్సెక్కించు, మీ బాబాయి దగ్గరికి పోతా" అంది. ఆవిడ లేకుండా మా ఇంట్లో పండగా? ఎంత బతిమాలినా వినలేదు, సంచి సర్దేసుకుంది.

సాయంత్రం ఇంటి ఓనరు వచ్చాడు. అమ్మ వంటింట్లో పిండిలో అచ్చు ముంచి పండక్కి గులాబీ పువ్వులు వేయిస్తోంది, పొగ రాకుండా తలుపు వేసుకుని. కిటికీలు మూసే ఉన్నాయి. ఉన్నట్టుండి చెట్టు ఒక్కసారి వణికింది. దాని గంటలు సన్నగా మోగాయి.

"ఏంది తమ్మీ, ఫ్యాన్ బంద్ ఉంది, చెట్టెట్ల ఊగుతున్నది?" అన్నాడు ఓనరు. జవాబు కోసం ఆగలేదు, చెప్పులు కూడా వదిలేసి పోయాడు. రోజూ చెట్లనూపే నేనే రెండడుగులు వెనక్కి వేశాను. నాయనమ్మ మాత్రం మెల్లగా లేచి చెట్టు దగ్గరికెళ్లింది.

"ఏవండీ, మీరేనా?"

చెట్టు మళ్లీ వంగింది. అమ్మ పళ్లెంతో బయటికొచ్చి మా ముఖాలు చూసి బిత్తరపోయింది. "బస్సొద్దులేరా" అంటూ నాయనమ్మ సంచి మంచం కిందికి తోసేసింది.

మర్నాడు గానీ నా కళ్లు తెరుచుకోలేదు. సెట్లో విప్పడం మరిచిన దారం కొస వంటింటి గడియకు కట్టి ఉంది! "చెట్టు పడిపోకుండా కట్టే దారమనుకుని నేనే కట్టాన్రా. నిన్న ఓనరు గొంతు విని తలుపు ఓరగా తీసి చూశాను కూడా" అంది అమ్మ మెల్లగా. కోసేద్దామని బ్లేడు తీశాను. అప్పుడే నాయనమ్మ చెట్టుతో, "విన్నారా, మనవడికి సినిమాల్లో ఉద్యోగమొచ్చింది" అంటోంది. అమ్మ తలుపు తీసింది. చెట్టు తలూపింది. నాయనమ్మ నవ్విన నవ్వు చూశాక బ్లేడు జేబులో వేసేసుకున్నాను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మధురానగర్ ఫ్లాట్‌లో మా ఆవిడ ఏటా కొత్త స్టైలంటుంది. ఒక ఏడాది అంతా బంగారు రంగు, ఈసారి తెల్ల చెట్టుకు తెల్ల బంతులే (చీకటి పడితే ముసుగేసుకున్న మనిషిలా ఉంది). ఏ చెట్టయినా వంటింటి గడియకు దారం మాత్రం నేనే కడతాను. ముడి వేసింది నేనేనని తెలిసి కూడా, అది ఊగగానే ఒళ్లు జలదరించి లేచి నిలబడతాను, ఇంత వయసొచ్చాక.

"తలుపు తీసింది నేనేనండీ" అంటుంది మా ఆవిడ.

"తెలుసులే. ఇంకోసారి తియ్యి."