యజమానిని మరిచిపోయిన డబ్బా

నంద్యాలలో ఒక ఇంజనీరింగు కాలేజీలో భరణి సి అనే కంప్యూటరు భాష చెబుతుంది. పిల్లలంతా కొత్త కొత్త భాషల వెంట పడుతున్న ఈ రోజుల్లో తన పాఠం ఎవరూ అంత ఇష్టంగా వినరని ఆమెకు తెలుసు. అయినా ఆమెకు మాత్రం ఆ భాష మీద మోజు తగ్గలేదు. సి భాష రాసేవాడిని అడ్డుకోదు. నూరు అక్షరాలకు చోటు ఉంచి నూటపది రాస్తే వద్దనదు, మిగిలిన పదీ పక్కన ఏముంటే దాని మీద పడతాయి. ప్రోగ్రాము ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఎప్పుడో, సంబంధమే లేని ఇంకో చోట అది తప్పుగా బయటపడుతుంది. అలాంటి తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ పోవడం భరణికి మహా ఇష్టం.

ఆ వెతుకులాటకు పనికొచ్చే ఒక సాఫ్ట్‌వేరు ఆమెకు ఒక శిక్షణ తరగతిలో పరిచయమైంది. స్టాటిక్ అనాలిసిస్ అంటారు దాన్ని. ప్రోగ్రామును నడపకుండానే అది కోడ్ మొత్తం చదువుతుంది. బయటినుంచి వచ్చే సమాచారం ఏ దారిన లోపలికి వస్తోంది, ఎక్కడెక్కడికి పోతోంది, మధ్యలో ఎవరైనా దాని పొడవు కొలిచారా లేదా అని చూస్తుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా హెచ్చరిక పెడుతుంది. ఇంటికొచ్చాక భరణి దాన్ని మొదట పిల్లల ప్రాజెక్టుల మీద, తర్వాత తాను ఎప్పుడో రాసుకున్న ప్రోగ్రాముల మీద నడిపి చూసింది. తన వాటిలోనూ తప్పులు కనబడేసరికి సిగ్గు కన్నా సంబరమే ఎక్కువ కలిగింది.

ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ. తండ్రి మహానందయ్యకు అక్కడ మోటారు సామాన్ల అంగడి ఉంది. సెలవు దొరికితే భరణి బస్సెక్కి వెళ్లి, ఆ అంగట్లో ఒక మూల స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల మాటలు వింటూ ఉంటుంది. అలా ఒక ఆదివారం వెళ్లినప్పుడే రుద్రవరం నుంచి నరసింహులు అనే రైతు ఒక డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు.

అది ఫోనుతో మోటారు వేసే స్టార్టరు. నంద్యాల నూనెపల్లె దగ్గర షెడ్డులో భరణి అక్క భర్త రాజశేఖర్ వాటిని తయారు చేస్తాడు, మహానందయ్య అమ్ముతాడు. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. రైతు నంబరు అందులో ఎక్కిస్తారు. ఆ నంబరు నుంచి ఆన్ అని మెసేజ్ పోతే బోరు మోటారు నడుస్తుంది, ఆఫ్ అని పోతే ఆగుతుంది. ఇంకే నంబరుకూ అది పలకదు. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రైతుకు అంతకంటే సుఖం లేదు.

నరసింహులు చెప్పింది ఏమిటంటే, మబ్బు పట్టే రోజుల్లో ఈ డబ్బా తన మాట వినడం లేదు. ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఉలకదు, పలకదు. చేను దాకా పోయి ఫీజు పీకి మళ్లీ పెడితే అప్పుడు వింటుంది. మహానందయ్య దగ్గర దానికి సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే. ఉరుములకు కరెంటు ఎక్కువ తక్కువ అవుతుంది, డబ్బా బిగుసుకుపోతుంది.

"ఉరుము యాడిది శెట్టీ?" అన్నాడు నరసింహులు. "మొన్న వానొస్తాదని ఊరంతా చెప్పుకున్యారు గానీ ఆ పొద్దు చుక్క పడలా. ఎండ కాస్తానే ఉండాది. అయినా ఇది సచ్చినట్టు పడుండె."

మహానందయ్య ఇంకేదో సర్ది చెప్పబోయాడు కానీ, మూలన కూర్చున్న భరణిని ఆ మాట పట్టుకుంది. వాన రాలేదు, ఉరుము లేదు. వాన వస్తుందన్న మాట మాత్రమే వచ్చింది. ఉత్త మాటకు డబ్బా ఎందుకు ఆగిపోతుంది? బస్సులో నంద్యాలకు తిరిగి వస్తున్నంతసేపూ ఆమె దాని గురించే ఆలోచించింది.

మరునాడు కాలేజీ కాగానే షెడ్డుకు వెళ్లి డబ్బాలోని కోడ్ ఒకసారి చూపించమని రాజశేఖర్‌ను అడిగింది. దాన్ని అతను రాయలేదు. కొన్నేళ్ల కిందట ప్రదీప్ అనే ఆయన బెంగళూరులో రాసిస్తే తెచ్చుకున్నాడు. అప్పటినుంచి అదే కోడ్ ప్రతి డబ్బాలోనూ ఎక్కుతోంది. దాన్ని తెరిచి చదివినవాళ్లు ఎవరూ లేరు. బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకని అతను కాసేపు గొణిగాడు. మరదలు ఊరుకునే మనిషి కాదని తెలుసు కాబట్టి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు.

భరణి ఆ కోడ్ మీద తన సాఫ్ట్‌వేరు నడిపింది. హెచ్చరికలు వందల్లో వచ్చాయి. ఆమెకు ఇది కొత్త కాదు. ఆ సాఫ్ట్‌వేరుకు అనుమానం ఎక్కువ. వాడని పేర్లు, అనవసరమైన వరుసలు, జరగడానికి వీల్లేని ప్రమాదాలు, అన్నీ చెబుతుంది. వాటిలో నిజమైనవి ఏవో తేల్చుకోవడం మనిషి పని. రోజూ కొన్ని చొప్పున చదువుతూ, పనికిరానివాటిని పక్కన పెడుతూ వచ్చింది.

ఒక హెచ్చరిక దగ్గర మాత్రం ఆగింది. బయటినుంచి వచ్చిన మెసేజ్‌ను అక్కడ ఒక నిర్ణీతమైన చోటులోకి పొడవు కొలవకుండా ఎత్తి పోస్తున్నారు. ఆ చోటులో నూట అరవై అక్షరాలు పడతాయి. భరణి కాసేపు చూసింది. ఎస్సెమ్మెస్‌లో నూట అరవై అక్షరాలకు మించి పట్టవు కదా. రాసినాయన ఆ లెక్క చూసుకునే చోటు ఇచ్చి ఉంటాడు. కొలవకపోవడం తప్పే గానీ, పొంగి పొర్లేందుకు అందులో ఏమీ లేదు. దాన్ని కూడా పక్కన పెట్టేసింది.

చివరికి ఏమీ తేలలేదు. కరెంటు సంగతే నిజమేమో అనుకుని రెండు వారాలు ఊరుకుంది. కానీ చాగలమర్రి నుంచి ఇంకొకరు ఇదే మాట చెప్పారని తండ్రి ఫోనులో అనడంతో మళ్లీ మనసు అటు లాగింది. నరసింహులు వదిలిపోయిన డబ్బా ఇంకా అంగట్లోనే ఉందేమో అడిగింది. ఉంది. ఆ ఆదివారం వెళ్లి, వచ్చిన మెసేజ్‌లు దాచుకునే దాని సిమ్ తీసి, తన దగ్గరున్న పాత ఫోనులో వేసింది. కోడ్‌తో సంబంధం లేకుండా, అసలు ఆ డబ్బాకు ఇన్నాళ్లూ ఎవరెవరు ఏమేం పంపారో చూద్దామని.

నరసింహులు పంపిన ఆన్‌లు, ఆఫ్‌లు వరుసగా ఉన్నాయి. రీచార్జి చేసుకోమనే ఇంగ్లీషు మెసేజ్‌లు ఉన్నాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, సర్కారు పంపే వాన హెచ్చరికలు. రాగల మూడు గంటల్లో పిడుగులతో కూడిన వర్షం పడే అవకాశం ఉందని, చెట్ల కింద నిలబడవద్దని.

భరణి ఆ మెసేజ్‌ను చదివింది. మళ్లీ చదివింది. అప్పుడు తట్టింది. అది తెలుగులో ఉంది.

ఇంగ్లీషు అక్షరం ఒక్కటి వస్తే అది ఒక్క చోటే తీసుకుంటుంది. తెలుగు అలా కాదు. డబ్బాలో మెసేజ్‌లు అందుకునే మోడెముకు తెలుగు మెసేజ్ వస్తే, ఒక్కొక్క అక్షరాన్నీ, గుణింతం గుర్తునూ నాలుగేసి అంకెల సంకేతంగా మార్చి ప్రోగ్రాముకు అందిస్తుంది. నలభై దాటితే చాలు, నూట అరవై చోట్లూ నిండిపోతాయి. వాన హెచ్చరిక అంతకన్నా పొడుగ్గా ఉంది. మిగిలినదంతా పక్కన పడి ఉంటుంది. పక్కన ఏముంది? పెన్‌డ్రైవు సంచిలోనే ఉంది. ల్యాప్‌టాపు తెరిచి చూసింది. మెసేజ్‌కు ఇచ్చిన చోటును ఆనుకునే యజమాని ఫోను నంబరు ఉంది.

డబ్బా చావలేదు. నరసింహులు ఎవరో దానికి గుర్తు లేకుండా పోయింది, అంతే. ఫీజు పీకి పెడితే లోపల భద్రంగా ఉన్న అసలు నంబరును మళ్లీ చదువుకుంటుంది కాబట్టి అప్పుడు గుర్తుపడుతుంది. సాఫ్ట్‌వేరు సరిగ్గా ఆ వరుస మీదే వేలు పెట్టి చూపించింది. కాదని పక్కన పెట్టింది తనే.

"ఏందీ పాపా, ఒక్కదానివే నవ్వుకుంటాండావ్?" అన్నాడు మహానందయ్య.

"దొరికింది నాయనా" అంది ఆమె. ఏం దొరికిందో చెప్పబోయి, ముందు నిజమో కాదో చూసుకోవాలి అనుకుని ఆపేసింది.

షెడ్డులో బల్ల మీద కొత్త డబ్బా ఒకటి పెట్టించి, రాజశేఖర్ నంబరు ఎక్కించి, తన ఫోను నుంచి దానికి ఒక పొడవాటి తెలుగు మెసేజ్ పంపింది. తర్వాత రాజశేఖర్ ఆన్ అని పంపాడు. డబ్బా పలకలేదు. మళ్లీ పంపాడు. పలకలేదు. అతను ఆశ్చర్యపోయాడు కానీ భయపడలేదు. తెలుగు మెసేజ్‌లు రాకుండా ఆపిస్తే సరిపోతుంది కదా అన్నాడు.

భరణికి అప్పటికే ఇంకో ఆలోచన వచ్చింది. వానకబురు పంపేవాళ్లకు ఈ డబ్బా సంగతి తెలియదు, కాబట్టి ఆ చోట్లో ఏదో చెత్త పడుతోంది. తెలిసినవాళ్లు కావాలని పంపితే? మెసేజ్ ఎవరి దగ్గరినుంచి వచ్చిందో ఆ ప్రోగ్రాము లోపల పోసుకున్నాకనే చూస్తోంది, ముందు కాదు. అంటే ఎవరు పంపినా లోపలికి పోతుంది. ఏ అక్షరానికి ఏ నాలుగు అంకెలు వస్తాయో పట్టిక చూసి లెక్క వేసుకుంది. తన నంబరులోని అంకెలు సరిగ్గా యజమాని చోట్లో పడేలా మెసేజ్ అల్లింది. అందుకు ఆమె ఎన్నడూ వాడని ఏవేవో చైనా అక్షరాలు అవసరమయ్యాయి. రెండు మూడుసార్లు లెక్క తప్పింది. తర్వాతిసారి పంపి, వెంటనే తన ఫోను నుంచే ఆన్ అని పెట్టింది.

డబ్బాలో టక్కుమని చప్పుడైంది. పచ్చలైటు వెలిగింది.

రాజశేఖర్ చేతిలోని ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"అంటే ఎవురైనా సరే, ఎవురి మోటారైనా యాడ్నుంచైనా వేయొచ్చునా?"

"సిమ్ నంబరు తెలిస్తే చాలు బావా. నీళ్లు లేనప్పుడు వేసి వదిలేస్తే మోటారు కాలిపోతాది. చేన్లో మనిషి తీగలు సరిచేస్తా ఉంటే..." అని ఆమె అక్కడితో ఆపింది.

కోడ్ సరిచేయడం ఒక సాయంత్రం పని. ఎవరు పంపారో ముందు చూడాలి. పొడవు కొలవాలి. పట్టినంతే తీసుకుని మిగతాది వదిలేయాలి. సాఫ్ట్‌వేరు మళ్లీ నడిపితే ఆ హెచ్చరిక పోయింది. ఈసారి భరణి అంతటితో తృప్తిపడలేదు. కాదని తాను పక్కన పెట్టినవన్నీ మళ్లీ మొదటినుంచి తీసి, ఒక్కొక్క దాన్నీ ఎందుకు కాదని తనను తానే అడుగుతూ చదివింది. ఇంకొకటి నిజమైనది దొరికింది. చిన్నదే, దాన్నీ సరిచేసింది.

అసలు చిక్కు ఇప్పటికే అమ్మిన డబ్బాలతో వచ్చింది. కొత్త కోడ్ దూరం నుంచే పంపడానికి వాటిలో ఏర్పాటు లేదు. ఒక్కొక్క చేనుకూ పోయి వైరు తగిలించి ఎక్కించాలి. ఇకమీద చేసేవాటిలో సరిచేస్తే చాలదా అన్నాడు రాజశేఖర్. డబ్బాలో లోపముందని ఊరూరా తిరిగి తామే చెబితే ఇక కొనేదెవరు అని అతని బాధ. భరణి వాదించలేదు. ఆ మెసేజ్ ఎలా అల్లాలో తాను ఎవరికీ చెప్పనని, డబ్బాలన్నీ సరిచేసేదాకా తరగతిలో కూడా ఎత్తనని మాత్రం చెప్పింది. ఇంకొకరు ఎవరూ కనుక్కోకుండా ఉండడం తమ చేతిలో లేదని కూడా చెప్పింది. రెండు రోజుల తర్వాత రాజశేఖరే ఫోను చేసి, ఎండాకాలం సెలవులు ఎప్పటినుంచని అడిగాడు.

ఆ సెలవుల్లో ఇద్దరూ మోటారు సైకిలు మీద రుద్రవరం, చాగలమర్రి చుట్టుపక్కల చేలన్నీ తిరిగారు. భరణి కాలువ గట్ల మీద, అరటి తోటల్లో ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. లోపం ఏమిటో రాజశేఖర్ దాచకుండా చెప్పేవాడు. కొందరు తిట్టారు. చాలామంది మజ్జిగ ఇచ్చారు. ఒకాయన డబ్బాను తీసేసి పాత స్టార్టరే బిగించుకున్నాడు, మళ్లీ పెట్టనన్నాడు.

నరసింహులు చేనికి పోయినప్పుడు అతను అంతా విని, వైరు తగిలించిన డబ్బా వైపు చూస్తూ అడిగాడు.

"అయితే దీనికి తెలుగు రాదన్నమాట."

"రాదన్నా. రాసినాయప్ప ఇంగ్లీషు కొలతే పెట్టుకున్యాడు."

"ఇప్పుడు నేర్పిచ్చినావా?"

"తెలుగు నేర్పలా. ఎంత పొడుగుది వచ్చినా పట్టినంతే తీసుకోమన్నా. ముందు ఎవురు పిలిచ్చాండారో చూసుకోమన్నా."

నరసింహులు తల ఊపాడు. అలా చూసుకోకుండా తలుపు తీసేవాళ్లు మనుషుల్లోనూ ఉన్నారని, తన తమ్ముడి సంగతి ఒకటి చెప్పుకొచ్చాడు. అది వింటుండగానే కొత్త కోడ్ ఎక్కడం పూర్తయింది.

పని అయ్యాక భరణి బెంగళూరులోని ప్రదీప్‌ను వెతికి పట్టుకుంది. అతను ఇప్పుడు వేరే పనిలో ఉన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి వెనకాడలేదు. ఎస్సెమ్మెస్ అంటే నూట అరవై అని తాను చదువుకున్నది అలాగే రాశానని, ఆ డబ్బాకు ఎవరైనా తమ భాషలో రాస్తారని తోచనే లేదని చెప్పాడు. అప్పుడు భరణి తనను రాత్రింబవళ్లూ తొలుస్తున్న ప్రశ్న అడిగింది. ఈ కోడ్ ఇంకెవరికైనా ఇచ్చారా?

ఇచ్చాడు. ఇంకో మూడు చోట్లకు. నీళ్ల ట్యాంకులకు ఒకరు, కోళ్ల ఫారాల్లో ఫ్యాన్లకు ఒకరు వాడుతున్నారు. మూడో ఆయన ఏం చేస్తున్నాడో ప్రదీప్‌కు తెలియదు. ముగ్గురికీ భరణి తాను చూసినదంతా, సరిచేసిన కోడ్‌తో సహా పంపింది. ఒకరు ధన్యవాదాలు చెప్పారు. ఒకరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. బళ్లారి నుంచి రమ్య అనే ఆమె ఫోను చేసింది. కోళ్ల ఫారాల ఫ్యాన్లు ఆమెవి. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడింది. తమ దగ్గర కూడా ఫ్యాన్లు ఉన్నట్టుండి మాట వినకుండా పోతున్నాయని, ఇన్నాళ్లూ వోల్టేజీ అనుకున్నామని చెప్పింది.

"కన్నడ మెసేజ్ వచ్చినా అంతేనా మేడమ్?" అని అడిగింది.

భరణి ఒక కన్నడ మెసేజ్ తనకు పంపమంది. అది వచ్చాక అక్షరాలు లెక్కపెట్టడానికి కాగితం తీసుకుంది.