కుంకుమ భరిణెలో గవ్వలు

సముద్రానికి ఇంత దూరంలో, బాగేపల్లి పక్క వేరుశనగ చేలలో పుట్టి, నేను సముద్రపు బురద మీద పరిశోధన చేస్తున్నాను. అడుగున పొరలుగా పేరుకున్న ఆ బురదలో ఇసుక రేణువంత గవ్వలుంటాయి. అవి బతికిన నాటి నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో వాటిని పరీక్షించి చెప్పొచ్చు. వేల ఏళ్ళ కిందట దేశానికి వాయవ్యాన ఉన్న పాత పట్టణాలు ఖాళీ అవుతూ వచ్చిన కాలపు పొర నాకు చిటికెడే దొరికింది. అప్పుడు సముద్రంలో ఏం మారింది, వానలు అందుకే తగ్గాయా అన్నది నా ప్రశ్న. ఆ చిటికెడూ పోతే నా ఏళ్ళ చదువు గంగపాలే.

అమ్మ కాలు విరిగిందని ఫోనొస్తే, మైక్రోస్కోపూ ఆ చిటికెడూ పట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆ ఖాళీ అయిన పట్టణాల సంగతి చెబుతూ నేను చూపిస్తే, తడిపిన కుంచె కొనతో గవ్వను ఎలా ఎత్తాలో ఒక్క పూటలో పట్టేసింది. ఏటా విత్తనాలు ఏరిన వేళ్ళు, ఇసుమంత వణుకు లేదు. నా ల్యాబులో అంత నిదానంగా ఏరేవాళ్ళు లేరని మురిసిపోయి, అదే మాట ఆమెతోనూ అన్నాను.

మరునాడు మందుల కోసం బాగేపల్లి వెళ్ళి వచ్చేసరికి మొత్తం ఏరేసి కూర్చుంది. పళ్ళెంలో బొద్దుగా, నిండుగా ఉన్న గవ్వలే ఉన్నాయి, అన్ని రకాలూ కలిసిపోయి. విత్తనానికి వేరుశనగ గింజలు ఏరే పద్ధతి అది. నాకు కావలసిందేమో నీటి పైభాగాన బతికే ఒక సన్నటి రకం. పళ్ళెంలో అదొక్కటే లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలికి కట్టుతో ఉన్న మనిషని కూడా చూడకుండా, నా బతుకు బుగ్గి చేశావని అరిచేశాను. ఆమె నొచ్చుకుందో లేదో తెలియలేదు. గూటి వైపు చెయ్యి చూపించింది.

"సన్నవని యాడన్నా పారేస్తామా? విత్తనానికి రాకుంటే నూనెకు వస్తాయి. ఆ కుంకుమ భరిణెలో పెట్టినా, చూడు."

కడిగి ఆరబెట్టిన భరిణె అడుగున నా గవ్వలు ఒక్కటీ పోకుండా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. తప్పయిందని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను.

అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆ పట్టణాల వాళ్ళ గురించి నేను చెప్పిందే ఇంకా ఆలోచిస్తూ నన్ను అడిగింది.

"వాన్లు లేక ఊరిడిసి పొయ్యేటప్పుడు వాళ్ళు విత్తనాలన్నా ఎత్తుకోని పోయింటారా మ్మా?"

ఇన్నేళ్ళూ నీళ్ళ వెచ్చదనం లెక్కగడుతూ వచ్చాను గానీ, ఆ మాట అడగాలని నాకు ఒక్కసారీ తోచలేదు.